తీసేవాళ్ళు, దిగేవాళ్ళు

నవంబరు 4, సోమవారం

ఈరోజు స్టాఫ్ మీటింగులో నోరు జారాను. పనిచేసేది సగం నోరే అయినా జారడానికి అది సరిపోయింది.

సంగతి గ్రూప్ ఫోటోలది. ఏటా వచ్చే స్టూడియో ఆయన దుకాణం మూసేశాడట. కొత్తవాళ్ళు చెప్పిన రేటు విని పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిడ కళ్ళజోడు తుడుస్తున్నారంటే ఆ ఖర్చు మాలో ఎవరి నెత్తినో పడబోతోందని అర్థం. ఫోన్‌తో తీసేద్దామని లెక్కల టీచర్ అంది. పోయినసారి ఆటల పోటీలకి అలాగే ఫోన్‌తో తీసి పెద్దది చేయిస్తే పిల్లల మొహాలు నానిన సబ్బుబిళ్ళల్లా వచ్చాయి. ఆ ఫ్రేము ఇప్పటికీ ఆఫీసు బీరువా వెనకే ఉంది. దాని పక్కనే నా కుర్చీ కాబట్టి నాకు బాగా తెలుసు.

తర్వాత పెద్ద మేడమ్ నావైపు తిరిగారు. "ఒకటో తరగతి ఫోటోకి మీరు రావాలి. ప్రస్తుతానికి ఆఫీసులో కూర్చుంటున్నారు గానీ క్లాసు టీచర్ మీరే. మధ్య కుర్చీ మీదే" అన్నారు.

"ఫోటోలు నేను తీస్తాను మేడమ్. నేను కెమెరా కొంటున్నాను" అన్నాను.

కొంటున్నానని నాకూ అప్పుడే తెలిసింది.

స్కూలుకి ఖర్చు తగ్గుతుందంటే ఎవరు కాదంటారు? పెద్ద మేడమ్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. నేను అన్నది కూడా ఖర్చు తగ్గుతుందనే. వేరే కారణమేమీ లేదు. తీసేవాళ్ళు ఫోటోలో ఉండరన్న మాట నిజమే గానీ, అది నా తప్పు కాదు.

పఫబభమ చేశాను. అద్దం లేకుండా.

నవంబరు 5, మంగళవారం

ఈయనకి చెప్పాను. ఈయన లిఫ్టులు బాగుచేస్తారు. ఆ అలవాటేనేమో, ఈయన నోట్లో మాట కూడా అంతస్తు అంతస్తుకీ ఆగుతూ వస్తుంది. భోజనానికి కూర్చోగానే నేను చెబితే చేయి కడుక్కునేటప్పుడు అడిగారు.

"కెమెరానా?"

"అవును."

"ఏ డబ్బుతో?"

"గీజర్‌కని దాచిందాంట్లో సగం."

"సగం డబ్బుకి సగం కెమెరా వస్తుంది."

"పరవాలేదు, నాకున్నదీ సగం మొహమే" అన్నాను. సరదాకే అన్నాను. ఆయన నవ్వలేదు. చేతులు తుడుచుకున్న తువ్వాలుతోనే మళ్ళీ తుడుచుకున్నారు.

గదిలోంచి అత్తయ్య అందుకుంది. "గీజర్ లేకపోతే గిన్నెలో నీళ్ళు కాగనంటాయిరా? కొనుక్కోనీ. ఆ పిల్ల నోరు తెరిచి ఇది కావాలని అడిగి ఎన్నాళ్ళయింది?"

అత్తయ్యకి చెవులు సరిగా వినపడవు. మనం పిలిస్తే వినపడదు, మనం మాట్లాడుకుంటే వినపడుతుంది. అయినా కీళ్ళనొప్పులతో వేడినీళ్ళ కోసం ఎదురుచూస్తున్నది ఆవిడే. ఆవిడే వద్దనుకుంటే ఇక నేనేమంటాను. నలభై దాటిన నన్ను "ఆ పిల్ల" అన్నందుకు కాస్త సంతోషంగా కూడా ఉంది.

నవంబరు 6, బుధవారం

మాస్కులు ఉతికి ఆరేశాను. నాకు దుమ్ము పడదని స్కూల్లో అందరికీ చెప్పాను. దుమ్ము నిజంగానే ఉంది.

నవంబరు 9, శనివారం

పెద్ద షోరూముకి వెళ్ళాను. నా బుద్ధి గడ్డి తింది.

అద్దాల తలుపు, చల్లటి గాలి, నున్నటి మొహంతో ఒక సేల్స్ కుర్రాడు. "బాడీ ఒక్కటేనా మేడమ్, లెన్స్ కూడా కావాలా?" అని అడిగాడు. లెన్స్ లేకుండా ఫోటో ఎలా వస్తుంది బాబూ అన్నాను. రాదు, కానీ విడిగా కొనుక్కోవాలన్నాడు. ఇల్లు అమ్మి, తలుపులు కావాలంటే వేరే రేటు అన్నట్టుంది. నా దగ్గర ఉన్న డబ్బు ఎంతో చెప్పాను. పాపం, మర్యాదస్తుడు. "ఆ రేంజ్‌లో బ్యాగులున్నాయి" అన్నాడు.

అంతటితో వచ్చేసినా బాగుండేది. ఊరికే చూడండి అని ఒక కెమెరా తీసి నావైపు పెట్టాడు. దానికి గోడమీది టీవీ కలిపి ఉంది. గోడంత సైజులో నేను కనిపించాను. మాస్కుంది సరే, మాస్కు పైన కళ్ళున్నాయి కదా. ఎడమ కన్ను ఆర్పుతోంది, కుడి కన్ను అసలు ఆర్పకుండా పోలీసులా చూస్తోంది. నా వెనక నిలబడ్డ ఒకావిడ టీవీని చూసి, నన్ను చూసి, చప్పున అటు తిరిగింది. తిరగడం మర్యాద కోసమే. అయినా నాకు ఒళ్ళు మండింది.

ఫోన్ కూడా అంతే. తెరవగానే ఏ మీట తగులుతుందో, నా మొహమే చూపిస్తుంది. నాకు కావలసింది అటువైపే చూసే కన్ను. నావైపు తిరగకూడదు. అలాంటిది సగం గీజర్ ధరకి ఎక్కడైనా ఉంటుందా?

నవంబరు 10, ఆదివారం

ఏమీ లేదు. కంట్లో చుక్కలు వేసుకున్నాను. పఫబభమ చేశాను. అద్దం లేకుండా.

ఫిజియోథెరపీ అమ్మాయి అద్దం ముందే చేయాలంది. ప, ఫ, బ, భ, మ, పెదాలు రెండూ కలిస్తేగానీ పలకని అక్షరాలు. మనమీదేదో పగబట్టి ఒక్కచోటే పెట్టినట్టున్నారు. అక్షరాలు నేర్పి బతికేదానికి మళ్ళీ అక్షరాలు. ముందు ముక్కు పక్కన గీత పడుతుంది, అది కనబడితే మిగతాది దారిలో ఉన్నట్టే అని కూడా చెప్పింది. అద్దంలో చూసుకుంటే కదా కనబడేది. చూసుకోకపోతే లేదని కూడా తెలియదు. అదొక సుఖం.

నవంబరు 12, మంగళవారం

కొన్నాను!

రేడియోలు బాగుచేసే సందు చివర, మెట్ల కింద ఒక కొట్టుంది. పాత కెమెరాలు, పాత గడియారాలు. ఓనరుకి గడ్డం ఎంతుందంటే మాట ఎక్కణ్ణించి వస్తోందో వెతుక్కోవాలి. ఇతను చూడగానే నాకు నచ్చాడు. నోరు కనబడనివాళ్ళంటే ఈమధ్య నాకు అభిమానం.

ఈయన కూడా వచ్చారు. గడ్డమాయన ఒక నల్ల కెమెరా తీసి మెత్తటి గుడ్డ మీద పెట్టి సంబంధం చెప్పినట్టు చెప్పాడు.

"ఒక్క చేతి మీద నడిచింది మేడమ్. డాక్టరుగారిది. ఏడాదికోసారి పిల్లాడి పుట్టినరోజుకి తీసేవారంతే."

"మరి ఈ గీతలు?"

"అవి పిల్లాడివి."

లెన్స్ దాంతోపాటే ఉంది, విడిగా కొనక్కర్లేదు. కెమెరా చేతికిచ్చాడు. బరువుగా ఉంది. చిన్న గాజు కిటికీలో కన్ను పెట్టి చూడాలి. పెట్టాను. నా కుడి కన్నూ, నా నోరూ అన్నీ కెమెరా వెనక్కి పోయాయి. ఎదురుగా ఈయన, చేతిలో గొడుగుతో, ఏం చేయాలో తెలియక నిలబడి ఉన్నారు. పెళ్ళయిన కొత్తలో కూడా ఇలాగే నిలబడేవారు. చాలాసేపు చూశాను. ఎవరూ నన్ను చూడకుండా నేను అందర్నీ చూడొచ్చు. ఇంతకంటే ఏం కావాలి?

ధర మాత్రం నా సగం దాటింది. ఈయన గొంతు సవరించుకున్నారు. ఆయన బేరం ఎప్పుడూ గొంతు దగ్గరే ఆగిపోతుంది. అందుకని నేనే దిగాను.

"ఇందులో ఏదైనా లోపముందా? నిజం చెప్పండి."

గడ్డం ఈయనవైపు చూశాడు, కెమెరావైపు చూశాడు. "టైమర్ మేడమ్. కాస్త తిక్కది. టైమర్ పెట్టి మనం పరిగెత్తి వెళ్ళి నిలబడితే తీయదు. విసుగొచ్చి కదిలిపోయాక తీస్తుంది. మా అల్లుడిలాగ, చెప్పినప్పుడు చేయడు."

"నాకు టైమర్ అక్కర్లేదు. దాని డబ్బు తగ్గించండి."

"టైమర్ వద్దనేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా. మీరు ఫోటో దిగరా?"

"నేను తీస్తాను" అన్నాను.

తగ్గించాడు. మెడకి వేసుకునే పట్టీ కూడా ఊరికే ఇచ్చాడు. పని చేయని దాన్ని అడ్డం పెట్టుకుని బేరం గెలిచింది ఈ సందులో నేనొక్కదాన్నే అయ్యుంటాను. దారంతా ఈయనకి అదే చెప్పాను. ఇంటి దగ్గరికొచ్చాక ఆయన, "టైమర్ ఎప్పుడైనా పనికొచ్చేదేమో" అన్నారు. ఇందాకటి మాట ఇప్పుడు నాలుగో అంతస్తుకి వచ్చిందన్నమాట.

నవంబరు 13, బుధవారం

కుళాయిని తీశాను. మెట్లని తీశాను. ఈయన చెప్పులు తీశాను (ఫోటో). అన్నీ బాగానే వచ్చాయి. తర్వాత అత్తయ్య దగ్గరికి వెళ్ళాను.

"పళ్ళసెట్టు పెట్టుకోనా, వద్దా?" అని అడిగింది.

"మీ ఇష్టం అత్తయ్యా."

కాసేపు ఆలోచించింది. "వద్దులే. అది బయటి మొహం. నన్ను చూసేది మీరేగా" అని బోసినోటితో నవ్వింది. గబుక్కున నొక్కాను.

ఎంత బాగుందో! బుగ్గలు లోపలికి పోయి, కళ్ళు సగం మూసుకుపోయి, ఒక్క పన్ను లేకుండా. వయసులో తీసిన ఫోటోల్లో ఆవిడ ఎప్పుడూ ఉత్తరం పోస్టు చేయడానికి నిలబడ్డట్టు ఉంటుంది. ఇందులో మనిషి ఉంది. ఉన్న మొహాన్ని ఉన్నట్టు చూపిస్తే దాని అందమే వేరు. దాచుకునేవాళ్ళకి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

నవంబరు 15, శుక్రవారం

జులైలో ఏం జరిగిందో ఇంతవరకు ఇందులో రాయలేదు. రాసేస్తే పోతుందేమో.

పొద్దున లేచి నోరు పుక్కిలిస్తే నీళ్ళు కుడిపక్క నుంచి కారిపోయాయి. గ్లాసు పగిలిందనుకున్నాను. గ్లాసు బాగానే ఉంది. మొహం నరం దెబ్బతింది, ప్రమాదమేమీ లేదు, నెలల్లో సర్దుకుంటుంది అన్నాడు డాక్టరు. సెలవు పెట్టాను. మాట కాస్త సాఫీ అయ్యాక, పిల్లల మీద బెంగతో, తొందరపడి క్లాసుకి వెళ్ళాను. అప్పటికి మాస్కు లేదు. ఆరేళ్ళ పిల్లలకి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

ఆరోజు పాఠం ప వర్గం. ఎన్నేళ్ళుగానో చెప్పినట్టే చెప్పాను. "నా నోరు చూసి పలకండి. ప."

నోరు ఎడమకి లాగింది. గాలి కుడిపక్కనుంచి పోయింది.

క్లాసు క్లాసంతా మూతులు పక్కకి వంచి, "ప" అంది.

చాక్‌పీసు బల్ల మీద పెట్టి బయటికి నడిచాను. మర్నాడే మాస్కు పెట్టుకుని వెళ్ళి, ఆఫీసు పని ఇవ్వమని పెద్ద మేడమ్‌ని అడిగాను. పిల్లలన్నాక వెక్కిరిస్తారు. వాళ్ళ తప్పేమీ లేదు. నేనేమీ బాధపడలేదు.

రాస్తే పోలేదు.

నవంబరు 18, సోమవారం

ఆఫీసుకి ఒకటో తరగతి నుంచి చాక్‌పీసుల కోసం కిటికీ వచ్చింది. కిటికీ అంటే ఒక పాప. ముందరి పళ్ళు నాలుగూ ఒకేసారి ఊడిపోయాయి కాబట్టి క్లాసులో అందరూ అలా పిలుస్తున్నారట. అరచేయి నోటికి అడ్డం పెట్టుకునే నిలబడింది. జులైలో ఈ పిల్ల నోరు మూస్తే బాగుండునని అనిపించేది. అంత వాగుడు.

"శుక్రవారం మీ క్లాసు ఫోటో తీస్తున్నా. మంచి బట్టలు వేసుకుని రా" అన్నాను.

"నేను దిగను టీచర్" అంది చేతి వెనకనుంచి.

"ఏం?"

"నవ్వుతారు."

నాకు భలే కోపం వచ్చింది. పిల్ల మీద కాదు, నవ్వేవాళ్ళ మీద. గట్టిగానే చెప్పాను. "పళ్ళు ఊడటం తప్పా? మళ్ళీ రావూ? వచ్చేదాకా మొహం దాచుకుని తిరుగుతావా? ఎవరో ఏదో అనుకుంటారని దాక్కుంటే నష్టం ఎవరికి? నీకే."

ఆ పిల్ల తలెత్తి నా మాస్కువైపు చూసింది. చాక్‌పీసుల డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది.

నేను అన్నదాంట్లో తప్పేముంది? మంచిమాటే కదా చెప్పాను. ఎందుకలా చూసిందో.

నవంబరు 19, మంగళవారం

గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. ఊరికే గుర్తొచ్చింది.

నవంబరు 21, గురువారం

బ్యాటరీ ఛార్జింగులో పెట్టాను. ఫోటోలు సరిగ్గా రాకపోతే స్కూలు పరువు, నా పరువు, గీజర్, అన్నీ పోతాయి. భయం అందుకే.

"రేపు నువ్వు కూడా దిగుతావా?" అని ఈయన అడిగారు.

"తీసేవాళ్ళు ఎలా దిగుతారండీ?" అన్నాను.

"నేనేమో రోజూ లిఫ్టు నడిపించి చూస్తాను, అందులో దిగుతాను కూడా" అన్నారు. ఏడాదికొక జోకు వేస్తారు. ఈ ఏడాదిది అయిపోయింది.

పఫబభమ చేయలేదు.

నవంబరు 22, శుక్రవారం

మరిచిపోకముందే అంతా వరసగా రాయాలి.

పొద్దున పై తరగతుల ఫోటోలన్నీ సాఫీగా అయిపోయాయి. మెట్ల మీద వరసలుగా పిల్లలు, మధ్య కుర్చీలో టీచరు. వెనక వరస కూడా పడాలంటే ఎత్తు కావాలి, అందుకని నేను బల్ల ఎక్కి తీశాను. బల్ల కాళ్ళు ఆయమ్మ పట్టుకుంది. చివరికి ఒకటో తరగతి వచ్చింది. నన్ను చూడగానే "టీచర్, టీచర్" అని చుట్టేశారు. వరసలో నిలబెట్టేసరికి తాతలు దిగొచ్చారు. మధ్యలో కుర్చీ ఖాళీగా ఉంది. పెద్ద మేడమ్ ఆఫీసు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. నేను చూడనట్టు బల్ల ఎక్కాను.

కన్ను పెట్టాను. గాజులో ఖాళీ కుర్చీ మరీ పెద్దగా కనిపించింది.

"టీచర్, మీరు కూడా దిగండి!" అని ఒకడు అరిచాడు. వెంటనే అందరూ అందుకున్నారు. "దిగండి టీచర్! దిగండి!"

బల్ల ఊగుతోందేమో, పడతానని భయపడుతున్నారనుకున్నాను. ఆయమ్మ భుజం పట్టుకుని జాగ్రత్తగా కిందికి దిగాను.

"దిగాను. ఇప్పుడేంటి?"

పిల్లలంతా తలలు పట్టుకున్నారు. "అయ్యో, అలా కాదు టీచర్! ఫోటో దిగండి!"

ఆయమ్మ ఫక్కున నవ్వింది. "పిల్లలకున్న తెలివి నీకు లేదు టీచరమ్మా."

"నేను దిగితే తీసేదెవరు?" అన్నాను. "దీనికి టైమర్ కూడా లేదు." ఉన్నదాన్ని డబ్బు తగ్గించుకుని మరీ లేదనిపించుకున్నాను, ఆ తెలివికి మనసులో నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

చివరి వరసలోంచి ఒక చేయి లేచింది. రెండో చేయి నోటి మీదే ఉంది. "నేను తీస్తాను టీచర్. నేను ఎలాగూ దిగను కదా."

కిటికీ. నా మాట నాకే తిరిగొచ్చింది. తీసేవాళ్ళు దిగక్కర్లేదు. ఆరేళ్ళ పిల్ల నేను కెమెరా కొన్న కారణాన్ని పదిమందిలో పైకి చెప్పేసింది.

దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. "ఎందుకమ్మా దిగవు? ఎవరూ నవ్వర్లే."

"నవ్వుతారు. మీరు చూడలేదు."

"నాకు తెలియదా?" అనేశాను. "ఆరోజు నన్ను చూసి మీరంతా మూతులు వంకర పెట్టి వెక్కిరించలేదూ?"

అనకూడదు. పిల్లలతో అనే మాట కాదు. నోరు జారడం నాకు ఈ నెల అలవాటైపోయింది. వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. తప్పుచేసి దొరికిన మొహాలు నాకు తెలుసు, ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. ఇవి అవి కావు. నేనేం అడుగుతున్నానో వాళ్ళకి అర్థం కాలేదు.

"ఎప్పుడు టీచర్?" అంది కిటికీ.

"నేను ప చెప్పిన రోజు."

"మీరే కదా టీచర్ చెప్పారు, మీ నోరు చూసి పలకమని!" చేయి నోటి మీదనుంచి జారిపోయింది, ఆ పిల్ల గమనించలేదు. "మీరెలా పెడితే మేం అలాగే పెట్టాం. మాకు సరిగ్గా రాలేదు. మీకు కోపం వచ్చి వెళ్ళిపోయారు."

ఇంకోడు అందుకున్నాడు. "ఇప్పుడు బాగా వస్తుంది టీచర్. ఇంటి దగ్గర రోజూ ప్రాక్టీసు చేశాం. కొత్త టీచర్ నోరు తిన్నగా పెట్టమంటారు. అలా కాదు, మా టీచర్ ఇలా చెప్పారని చెప్పాం."

"చూడండి టీచర్" అంది కిటికీ. ఎవరూ ఒకటీ రెండూ మూడూ అనలేదు. అందరూ కలిసి, మూతులు ఎంత వంగుతాయో అంతా పక్కకి వంచి, ఎంతో శ్రద్ధగా, "ప, ఫ, బ, భ, మ" అన్నారు.

జులై నుంచి నేను అద్దం ముందు చేయని ఎక్సర్‌సైజు. నా బదులు వాళ్ళు చేశారు.

ఏడ్చాను. దాచేదేముంది, అందరి ముందూ ఏడ్చాను. మాస్కు తడిసి మూతికి అతుక్కుపోయింది, ఊపిరాడలేదు. తీసేసి జేబులో పెట్టుకున్నాను. పిల్లలు నా మొహాన్ని చూశారు. ఒకడు "టీచర్ ముక్కు ఎర్రగా ఉంది" అన్నాడు. ఇన్ని నెలల తర్వాత నా మొహం చూసి వాడికి కనబడ్డది అది.

"నువ్వు దిగితే నేను దిగుతా" అన్నాను కిటికీతో.

ఆ పిల్ల కాసేపు బేరం ఆలోచించింది. "మీ పక్కనే నిలబడతాను."

"సరే."

కెమెరా ఆయమ్మకిచ్చి, ఏది నొక్కాలో చూపించి, వెళ్ళి మధ్య కుర్చీలో కూర్చున్నాను. ఫోటోకి కూర్చున్న మొహం ఎలా పెట్టాలో నాకు గుర్తులేదు. పెదాలు బిగించాను. పక్కన కిటికీ కూడా బిగించింది. ఇద్దరం పంటినొప్పి ఆసుపత్రిలో కూర్చున్నట్టున్నాం. ఆయమ్మ నొక్కింది. ఏమీ జరగలేదు. మళ్ళీ నొక్కింది.

"ఇది నా మాట వినట్లేదు టీచరమ్మా. పక్కనున్నది కూడా నొక్కితే ఏమన్నా అయ్యిందా?"

పక్కనున్నది టైమర్. కెమెరా ముందు ఎర్ర దీపం వెలిగి ఆరుతోంది. ఇక అయినట్టే అనుకున్నాను. పిల్లలు వరస చెదిరి వంగి వంగి చూస్తున్నారు.

"టీచర్! కెమెరా మీకు కన్ను కొడుతోంది!"

"కొట్టనీరా. నాకు కొట్టడం రాదు, దానికన్నా వచ్చింది" అన్నాను. అందరికంటే ముందు కిటికీ నవ్వింది, నాలుగు పళ్ళు లేని నోరు చెవులదాకా తెరిచి. దాన్ని చూసి నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేనంతగా వచ్చింది. నా నోరు ఎటు పోతోందో ఆ నిమిషంలో నాకు పట్టలేదు.

టక్ మంది.

మనం చెప్పినప్పుడు తీయదు, మనం కదిలిపోయాక తీస్తుంది. గడ్డం ముందే చెప్పాడు.

నవంబరు 24, ఆదివారం

ఫోటో పెద్దది చేయించి తెచ్చాను. మూలన ఆయమ్మ వేలు పడింది. మెట్లు ఒక పక్కకి ఒరిగాయి. వెనక వరసలో ఒకడు వీపు చూపిస్తున్నాడు. మధ్యలో నేను. నోరు ఒకవైపు తెరుచుకుని, ఒక కన్ను మూసుకుపోయి, ఇంకో కన్ను తెరుచుకుని. అందం అనను. కానీ ఆ మనిషి హాయిగా ఉంది. చాలాసేపు చూశాను. గోడ టీవీలో చూసిన ఆవిడ ఈవిడేనా అనిపించింది.

అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఈ పిల్లకి పళ్ళు లేవు, నీకు సగం నోరు లేదు. నన్ను కూడా పిలవాల్సింది, జట్టు సరిపోయేది" అంది.

ఈయన ఫోటోని కిటికీ వెలుతురు దగ్గరికి పట్టుకెళ్ళారు. చెప్పులేసుకుని బజారుకి వెళ్ళారు. కూరగాయలు తెచ్చారు. సంచీ కింద పెట్టి, అప్పుడు పిలిచారు.

"ఇటు రా. ఇదేంటి?"

"ఏది?"

నా కుడి బుగ్గమీద వేలు పెట్టారు. ఫోటోలో. ముక్కు పక్కనుంచి నోటిదాకా ఒక గీత. సన్నగా, ఎడమవైపున్న దాంట్లో సగం కూడా లేదు. మరకేమోనని తుడిచాను. పోలేదు.

"జులైలో ఇది లేదు" అన్నారు. "నేను రోజూ చూస్తూనే ఉన్నా. నవ్వితేగానీ తెలియదు, నువ్వేమో నవ్వట్లేదు."

ఆయన గొంతు ఏదో అంతస్తులో ఇరుక్కుపోయింది. నేనే వెళ్ళి పట్టుకున్నాను.

గీజర్ సంగతి వచ్చే ఏడాది చూద్దామన్నారు. అత్తయ్య నీళ్ళు నేను కాచాను.

పఫబభమ చేశాను. అద్దంలో చూస్తూ. భ దగ్గర ఇంకా గాలి పోతోంది.

నవంబరు 25, సోమవారం

ఆఫీసు కుర్చీ ఖాళీ చేశాను. బీరువా వెనక ఫ్రేము తీసి, అందులో సబ్బుబిళ్ళల ఫోటో బదులు మా ఫోటో పెట్టి, ఒకటో తరగతి గోడకి తగిలించాను.

పిల్లలు కూర్చున్నారు. చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద ప రాశాను. మాస్కు ఇంట్లో ఉంది.

"నా నోరు చూసి పలకండి" అన్నాను.